పొదుపు సొమ్మే వాయిదా కట్టాలి

పాల సంఘాలలో కరెంటు ఆదా, గోబర్ గ్యాసు పనులకు అప్పు తీసుకొనే ముందు సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

సంఘం ఖర్చులలో సభ్యుల కంటికి ఆనని ఖర్చు ఒకటున్నది. అది పాలను చల్లబరచే ఖర్చు. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., లీటరు ధర, దాణా కోత మొదలగునవన్నీ పాల బిల్లులో కనిపిస్తాయి. కరెంటు బిల్లు, జనరేటరు డీజిలు ఖర్చు మాత్రం సంఘం పుస్తకాలలోనే ఉండిపోతాయి. ఐనా అవి కూడా చివరకు సభ్యుల మీదనే పడతాయి. యూనియన్ చిల్లింగ్ చార్జీలు చెల్లించే చోట్ల కూడా, ఆ చార్జీలకు మించి ఐన ఖర్చు సంఘం మిగులు నుండే పోతుంది. మిగులు తగ్గితే బోనసు తగ్గుతుంది.

ఈ ఖర్చు తగ్గించే పరికరాలకు, పేడ నుండి గ్యాసు తీసే ప్లాంట్లకు అప్పులు, వడ్డీ రాయితీలు, సబ్సిడీలు ఇచ్చే పథకాలు ఇటీవలి సంవత్సరాలలో చాలా వచ్చాయి. వాటితో పాటు అమ్మకందార్లు, ఏజెంట్లు కూడా సంఘాల గడపకు వస్తున్నారు. ఏది మంచిదో, ఏది మనకు తగదో తేల్చుకొనేందుకు సభ్యులకు ఒక గీటురాయి కావాలి. అది ఇది: తీసుకొన్న అప్పు, తగ్గిన ఖర్చు నుండే తీరాలి. పాల బిల్లు నుండి తీర్చవలసి వస్తే ఆ పని మన సంఘానికి ఇంకా తగినది కాదని అర్థం. ఈ మాటను లెక్కలతో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దేశం లక్ష్యానికీ మన సంఘానికీ సంబంధమేమి?

2021 నవంబరులో గ్లాస్గో నగరంలో జరిగిన ప్రపంచ వాతావరణ సమావేశంలో, 2070 నాటికి వాతావరణంలో కలిసే ఉద్గారాలను నికరంగా సున్నకు తెస్తామని మన దేశం ప్రకటించింది. 2022 ఆగస్టులో మరికొన్ని లక్ష్యాలను ఐక్యరాజ్య సమితికి అందజేసింది. వాటి ప్రకారం, దేశంలో జరిగే ప్రతి రూపాయి ఉత్పత్తికి వెలువడే ఉద్గారాలను 2005 నాటి స్థాయి నుండి 2030 నాటికి 45 శాతం తగ్గించాలి. విద్యుత్ కేంద్రాల స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు, సహజ వాయువు కాని వనరులదై ఉండాలి. ఈ రెండవ మెట్టును 2025 లోనే అందుకొన్నాము. ఐతే స్థాపిత సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. దేశంలో వాడే కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గు నుండే వస్తున్నది. కాబట్టి పాల కూలరు దగ్గర ఒక యూనిట్ మిగిలితే ఎక్కడో కొంత బొగ్గు మిగిలినట్లే.

పేడ సంగతి ఇంకొక విధమైనది. గొయ్యిలో గాలి ఆడకుండా తడిగా కుళ్ళే పేడ నుండి మీథేన్ వాయువు పుడుతుంది. నూరేళ్ళ లెక్కలో చూస్తే ఇది బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అదే మీథేన్‌ను ప్లాంటులో పట్టి పొయ్యిలో మండిస్తే వంటకు పనికివస్తుంది, హాని కూడా చాలావరకు తగ్గుతుంది.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. పశువు నెమరు వేసేటప్పుడు నోటి నుండి వెలువడే మీథేన్, పేడ నుండి వచ్చే దానికంటే చాలా ఎక్కువ. గోబర్ గ్యాసు ప్లాంటు దానిని తగ్గించలేదు. మంచి మేత, సమతుల దాణా, తక్కువ పశువులతో ఎక్కువ పాలు తీయడం దానికి దారి. అందుచేత ఒక ప్లాంటు పెడితే వాతావరణ సమస్య అంతా తీరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మవలసిన పని లేదు. మన చేతిలో ఉన్నంత మేరకు, మనకు నష్టం లేకుండా చేయగల పని చేయడమే మన వంతు.

ముందు కొలత, తరువాతే అప్పు

బల్క్ కూలరు ఉన్న సంఘం మొదట తెలుసుకోవలసిన అంకె ఒక్కటే. వెయ్యి లీటర్ల పాలు చల్లబరచడానికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయి? రోజూ పాల సేకరణ ముగిశాక మీటరు రీడింగు, ఆనాటి పాల లీటర్లు, జనరేటరు నడిచిన గంటలు, పోసిన డీజిలు ఒక పుస్తకంలో వ్రాసి పెట్టాలి. కనీసం ఒక నెల, వీలైతే వేసవిలో ఒక నెల, చలికాలంలో ఒక నెల ఈ లెక్క ఉండాలి.

ఈ అంకె ఎంత ఉండాలో స్థూలంగా లెక్క కట్టవచ్చును. పాలు 35 డిగ్రీల నుండి 4 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు దిగాలంటే, వెయ్యి లీటర్ల నుండి సుమారు 35 యూనిట్లకు సమానమైన వేడిని తీసివేయాలి. శీతల యంత్రం ఒక యూనిట్ కరెంటు తిని రెండున్నర యూనిట్ల వేడిని తోడుతుందనుకొంటే, దానికి 14 యూనిట్లు పడతాయి. కలియబెట్టే మోటారు, ఇతర నష్టాలు కలిపితే 15 నుండి 18 వరకు రావచ్చు. మీ పుస్తకంలో 25 గానీ, 30 గానీ వస్తున్నదంటే ఎక్కడో కరెంటు వృథా ఔతున్నదని గ్రహించాలి.

ఒక హెచ్చరిక. పాలను 4 డిగ్రీలకు బదులు 7, 8 డిగ్రీల వద్ద ఆపి కరెంటు మిగిల్చామనుకోవడం పొదుపు కాదు. ఒక్క రోజు ట్యాంకు పాలు పులిసిపోతే ఏడాది పొదుపు ఆ రోజే పోతుంది. పాల నాణ్యత చెడకుండా మిగిలినదే పొదుపు.

అప్పు లేకుండా చేయగల పనులు

1. కండెన్సరు రెక్కల మధ్య పేరుకొన్న దుమ్ము, గడ్డిపరకలు, సాలెగూళ్ళు వారానికొకసారి తీయించాలి. వేడి బయటకు పోయే దారి మూసుకొంటే కంప్రెసరు మీద భారం పెరుగుతుంది. కండెన్సరు వద్ద గ్యాసు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే కరెంటు ఖర్చు సుమారు 2 నుండి 3 శాతం పెరుగుతుంది.

2. పడమటి ఎండ కండెన్సరు మీద పడకుండా తాటాకు పందిరి గానీ, రేకు గానీ వేయాలి. ఐతే గాలికి అడ్డు రాకూడదు. ఇరుకు గదిలో పెట్టిన కండెన్సరు తాను వదిలిన వేడి గాలినే తిరిగి పీల్చుకొంటుంది.

3. ట్యాంకు మూత ఊరకే తెరచి ఉంచరాదు. మూత చుట్టూ ఉండే రబ్బరు చీలితే మార్చాలి. పైపులకు చుట్టిన ఉష్ణ నిరోధకం ఊడిపోతే మళ్ళీ చుట్టించాలి.

4. శీతల గ్యాసు తగ్గిందేమో ఆరు నెలలకొకసారి మెకానిక్ చేత చూపించాలి. గ్యాసు తక్కువైతే యంత్రం ఎక్కువసేపు నడుస్తుంది గానీ పాలు తొందరగా చల్లబడవు.

5. కరెంటు బిల్లులో పవర్ ఫ్యాక్టరు తక్కువగా ఉన్నదని అదనపు రుసుము పడుతున్నదేమో చూడాలి. ఉంటే కెపాసిటరు మార్చడంతో సరిపోవచ్చు.

ఈ ఐదు పనులు పూర్తి చేసి, మళ్ళీ ఒక నెల లెక్క చూసిన తరువాతనే అప్పు మాట ఎత్తాలి. దుమ్ము పట్టిన కండెన్సరు పక్కన కొత్త పరికరం పెట్టి, తగ్గిన ఖర్చు అంతా ఆ పరికరం గొప్పేనని చెప్పేవారు ఉంటారు.

అప్పుతో చేయదగిన పనులు

మొదటిది ప్లేటు కూలరు. పాలు ట్యాంకులో పడక ముందే బోరు నీటితో కొంత వేడి లాగివేసే పరికరమిది. బోరు నీరు 27, 28 డిగ్రీలుంటే పాలు 35 నుండి సుమారు 30 డిగ్రీలకు దిగుతాయి. మొత్తం దిగవలసిన 31 డిగ్రీలలో 5 డిగ్రీలు, అంటే ఆరవ వంతు పని, నీరే చేసిపెడుతుంది. ఆ నీరు పారబోయనక్కర లేదు. పశువుల తొట్టెకు, గచ్చు కడగడానికి పనికివస్తుంది. బోరు ఎండిపోయే ఊళ్ళలో మాత్రం ఈ పరికరం వలన లాభం లేదు.

రెండవది కంప్రెసరు వేడితో నీళ్ళు కాచే పరికరం. పాల నుండి తోడిన వేడిని గాలిలోకి వదలివేయకుండా, కొంత భాగాన్ని నీటికి ఎక్కిస్తే 50, 60 డిగ్రీల వేడినీరు లభిస్తుంది. ట్యాంకు, క్యాన్లు కడగడానికి హీటరు వేసే సంఘాలకు ఇది మంచి ఆదా.

మూడవది డీజిలు తగ్గించే ఏర్పాటు. సంఘాలలోని చిన్న జనరేటర్లు లీటరు డీజిలుకు సుమారు 3 యూనిట్లు ఇస్తాయి. డీజిలు లీటరు రూ. 95/- అనుకొంటే యూనిట్ ధర రూ. 32/- దాకా పడుతుంది. లైను కరెంటు యూనిట్ రూ. 8/- అనుకొన్నా అంతకు నాలుగు రెట్లు. అందుచేత జనరేటరు ఎక్కువ గంటలు నడిచే సంఘం మొట్టమొదట దాని సంగతే చూడాలి. కరెంటు ఉన్న వేళ మంచు తయారు చేసి ఉంచుకొని, పాలు వచ్చిన వేళ ఆ చల్లదనంతో పని జరుపుకొనే ఐస్ బ్యాంకు పద్ధతి ఇందుకు ఉపయోగిస్తుంది.

నాలుగవది సౌర విద్యుత్తు. కప్పు మీద ఒక కిలోవాటు పలకలు పెడితే మన ప్రాంతంలో రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. ఐతే ఎండ మధ్యాహ్నం ఉంటుంది, పాలు పొద్దున, సాయంత్రం వస్తాయి. కాబట్టి ఐస్ బ్యాంకు గానీ, మిగిలిన కరెంటును లైనుకు ఇచ్చి లెక్క కట్టుకొనే నెట్ మీటరు గానీ లేకుండా పలకలు మాత్రమే కొంటే, అమ్మినవారు చెప్పిన పొదుపు బిల్లులో కనబడదు.

ఒక సంఘం లెక్క

ఉదాహరణకు ఏడాది సగటున రోజుకు 2,000 లీటర్ల పాలు చల్లబరచే సంఘాన్ని తీసుకొందాము. ప్లేటు కూలరు, వేడినీటి పరికరం, ఇతర మార్పులు కలిపి రూ. 1,20,000/- ఖర్చని, వాటి వలన రోజుకు 15 యూనిట్లు మిగులుతాయని, యూనిట్ రూ. 8/- అని అనుకొందాము. రోజుకు మిగిలేది రూ. 120/-. నెలకు సుమారు రూ. 3,650/-. లీటరుకు 6 పైసలు.

ఈ మొత్తాన్ని నూటికి ఏడాదికి 10 రూపాయల వడ్డీతో బ్యాంకు అప్పుగా తెచ్చి, మూడేళ్ళలో నెలవారీ తీర్చాలంటే వాయిదా రూ. 3,872/- ఔతుంది. పొదుపు కంటే రూ. 222/- ఎక్కువ. అంటే ప్రతి నెలా ఆ మేరకు సంఘం సొమ్ము కలపాలి. అదే అప్పును నాలుగేళ్ళకు తీసుకొంటే వాయిదా రూ. 3,043/-. ఇప్పుడు పొదుపులో నుండే వాయిదా తీరి, నెలకు రూ. 607/- మిగులుతుంది. మూడు శాతం వడ్డీ రాయితీ దొరికి వడ్డీ 7 శాతమైతే, నాలుగేళ్ళ వాయిదా రూ. 2,874/- కు దిగుతుంది. కానీ 7 శాతానికి దొరికినా మూడేళ్ళలో తీర్చాలంటే వాయిదా రూ. 3,705/- ఔతుంది, అప్పటికీ పొదుపు చాలదు.

ఈ లెక్కలో నేర్చుకోవలసినది ఒకటున్నది. అందరూ వడ్డీ రేటు అడుగుతారు, గడువు అడగరు. గడువు పొట్టిదైతే రాయితీ వడ్డీ అప్పు కూడా భారమే. గడువు మరీ సాగదీస్తే మొత్తం వడ్డీ పెరుగుతుంది. పరికరం పనిచేసే కాలం కంటే అప్పు కాలం తక్కువగాను, వాయిదా కంటే పొదుపు ఎక్కువగాను ఉండేటట్లు చూసుకోవాలి.

వేసవి సంగతి మరువరాదు. వేసవిలో పాలు సగానికి పడిపోయిన నెలలో పొదుపు కూడా దాదాపు సగానికి పడిపోతుంది. వాయిదా మాత్రం తగ్గదు. పై ఉదాహరణలో పాలు 1,000 లీటర్లకు తగ్గిన నెలలో మిగిలేది సుమారు రూ. 1,800/- మాత్రమే. అందుచేత పాలు పుష్కలంగా వచ్చే నెలల పొదుపును ప్రత్యేకంగా ఒక ఖాతాలో ఉంచాలి. లేదా పాల సీజను ననుసరించి వాయిదాలు పెట్టమని బ్యాంకును ముందే అడగాలి. పంట అప్పుకు పంట కాలం చూసినట్లే పాల అప్పుకు పాల కాలం చూడమని అడగడంలో తప్పు లేదు.

ఇంటింటి గోబర్ గ్యాసు

గోబర్ గ్యాసు మనకు కొత్త కాదు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1960 దశాబ్దంలో ఇనుప డ్రమ్ము ప్లాంట్లను ప్రచారంలోకి తెచ్చింది. తరువాత జనతా, 1984లో దీనబంధు నమూనాలు వచ్చాయి. 1981-82లో జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకం మొదలైంది. ఆ రోజులలో కట్టిన ప్లాంట్లు కొన్ని నేటికీ మండుతున్నాయి. చాలా ఊళ్ళలో తుప్పు పట్టిన డ్రమ్ములు, పగిలిన గుమ్మటాలు మిగిలాయి. పశువులను అమ్మివేయడం, రోజూ పేడ కలిపే మనిషి లేకపోవడం, చిన్న మరమ్మతుకు మేస్త్రీ దొరకకపోవడం, సిలిండరు ఇంటికి రావడం ఇందుకు కారణాలు. కట్టేనాడు డబ్బు దొరికింది, నిలబెట్టేందుకు ఏర్పాటు లేకపోయింది. ఈసారి ఆ లోటు రాకుండా చూసుకోవాలి.

రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. కట్టేసి మేపే గేదె రోజుకు సుమారు 15 కిలోలు, ఆవు 10 కిలోలు వేస్తాయి. అంటే మూడు, నాలుగు గేదెలుండాలి. బయటకు తోలుకొనిపోయి మేపితే పేడ సగమే చేతికందుతుంది. ఒక ఘనపు మీటరు గ్యాసు 450 గ్రాముల వంట గ్యాసుకు సమానం. కాగితం మీద చూస్తే నెలకు దాదాపు రెండు సిలిండర్ల గ్యాసు వస్తుంది. ఐనా ఇంటిలో అంతకుముందు నెలకు ఒక సిలిండరే వాడుతుంటే, మిగిలేది ఆ ఒక్క సిలిండరు ఖరీదే.

ప్లాంటు ఖర్చు రూ. 40,000/-, సిలిండరు రూ. 900/- అనుకొందాము. 2022 నవంబరులో కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2021-22 నుండి 2025-26 వరకు ప్రకటించిన జాతీయ బయో ఇంధన కార్యక్రమం క్రింద, 2 నుండి 4 ఘనపు మీటర్ల ప్లాంటుకు సాధారణ ప్రాంతాలలో సబ్సిడీ రూ. 14,350/- గా ఉండేది. అటువంటి సబ్సిడీ పోగా మిగిలిన రూ. 25,650/- మూడేళ్ళ అప్పుగా 10 శాతం వడ్డీతో తెస్తే వాయిదా నెలకు రూ. 828/-. నెలకొక సిలిండరు మిగిలే ఇంటికి ఇది సరిపోతుంది. సబ్సిడీ రాకపోతే వాయిదా రూ. 1,291/-, అప్పుడు సరిపోదు. ఏడాదికి ఎనిమిది సిలిండర్లే వాడే ఇంటికి నెలకు రూ. 600/- మాత్రమే మిగులుతుంది, సబ్సిడీ వచ్చినా వాయిదాకు చాలదు. కనుక సబ్సిడీ మంజూరు కాగితం చేతికి రాకముందే గొయ్యి తవ్వించరాదు. సబ్సిడీ వస్తుందన్న మాట మీద పూర్తి సొమ్మును అప్పుగా వ్రాయించుకోరాదు.

స్లర్రీ ఆదాయాన్ని వాయిదా లెక్కలో కలపవద్దని మా సలహా. ప్లాంటు నుండి వచ్చే స్లర్రీ మంచి ఎరువే. పేడలోని నత్రజని అందులో నిలుస్తుంది, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. ఐతే మన పేడ ముందూ పొలానికే పోతున్నది. పిడకలు చేసే ఇళ్ళకు మాత్రం ఇది పూర్తిగా కొత్త ఎరువు. స్లర్రీ అమ్మి సొమ్ము చేతికొచ్చిన నాడు దానిని అదనపు లాభంగా లెక్కించవచ్చు. ఇక వంటింటిలో పొగ లేకపోవడం, పుల్లలు ఏరుకొచ్చే పని తప్పడం రూపాయలలో కట్టలేము. ఐతే పేడ కలిపే పని కూడా చాలా ఇళ్ళలో ఆడవారిదే ఔతుంది కాబట్టి, ప్లాంటు కావాలా వద్దా అన్న మాట ముందు వారినే అడగాలి.

స్లర్రీకి విలువ కట్టిన పద్ధతికి గుజరాత్‌లో ఒక ఉదాహరణ ఉన్నది. ఆనంద్ జిల్లాలోని జకరియాపురా, ముజ్‌కువా గ్రామాలలో జాతీయ పాడి అభివృద్ధి మండలి ఇంటింటికీ చిన్న ప్లాంట్లు పెట్టించి, వాడుకోగా మిగిలిన స్లర్రీని సభ్యుల నుండి కొనే ఏర్పాటు చేయించింది. ముజ్‌కువాలో దీనికొరకు మహిళల ఎరువుల సహకార సంఘమే ఏర్పడింది. ఆ స్లర్రీతో తయారైన ఎరువులకు ‘సుధన్’ అనే గుర్తు ఉన్నది. పేడ వ్యాపారాన్ని విస్తరించేందుకు మండలి 2022లో ఎన్.డి.డి.బి. మృదా అనే అనుబంధ సంస్థను స్థాపించింది. అక్కడ ముందుగా స్లర్రీని కొనేవారిని ఏర్పరచి, దానిని పాల సేకరణ వంటి క్రమంలో నడిపారు. మన జిల్లాలలో ఈ పని చేయదలచినవారు గమనించవలసిన విషయమిదే.

పెద్ద ప్లాంట్లు ఎవరి పని?

బనస్కాంఠా జిల్లా దామా వద్ద బనాస్ డెయిరీ నడిపే ప్లాంటు రోజుకు 40 టన్నుల పేడను తీసుకొని, గ్యాసును శుద్ధి చేసి వాహనాలకు అమ్ముతుంది. పేడ పోసిన రైతుకు కిలోకు రూపాయి చొప్పున చెల్లించింది. వారణాసి పాల యూనియన్‌లో 2021 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన ప్లాంటును, రోజుకు 100 టన్నుల పేడ నుండి 4,000 ఘనపు మీటర్ల గ్యాసు తీసి డెయిరీ అవసరాలకు వాడుకొనేటట్లు రూపొందించారు.

ఇవి ఒక్క గ్రామ సంఘం చేయగల పనులు కావు. 40 టన్నులంటే సుమారు 2,700 గేదెల పేడ, అదీ ప్రతి రోజూ. పేడలో ఐదింట నాలుగు వంతులు నీరే కాబట్టి దూరం నుండి తెస్తే బండి కిరాయిలోనే లాభం హరించుకుపోతుంది. గ్యాసును కొనేవారు, ఎరువును కొనేవారు ముందే ఖాయం కావాలి. 2018 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ‘సతత్’ పథకం, 2023-24 నాటికి 5,000 సంపీడిత గ్యాసు ప్లాంట్లు రావాలని తలపెట్టింది. ఆ గడువు నాటికి అందులో చిన్న భాగమే పూర్తయింది. డబ్బు దొరికినంత మాత్రాన ప్లాంటు నడవదని దీనిని బట్టి తెలుస్తున్నది. పెద్ద ప్లాంటు మాట వస్తే అది యూనియన్ స్థాయిలో తేల్చవలసినది. గ్రామ సంఘం అడగవలసినది రెండే ప్రశ్నలు: పేడకు ఏ ధర ఇస్తారు? ప్లాంటు నష్టపోతే ఆ నష్టం ఎవరిది?

సొమ్ము దొరికే దారులు

పశుసంవర్ధక మౌలిక వసతుల అభివృద్ధి నిధిని కేంద్రం 2020లో రూ. 15,000 కోట్లతో ఏర్పరచింది. 2024 ఫిబ్రవరిలో పాడి పరిశ్రమ నిధిని కూడా ఇందులో కలిపి, రూ. 29,610 కోట్లతో 2025-26 వరకు పొడిగించింది. ఖర్చులో 90 శాతం వరకు అప్పు, రెండేళ్ళ విరామంతో సహా ఎనిమిదేళ్ళ వరకు 3 శాతం వడ్డీ రాయితీ దాని ముఖ్య నిబంధనలు. పేడ నుండి సంపద పనులు కూడా అందులో చేర్చారు.

2025 మార్చిలో జాతీయ పాడి అభివృద్ధి మండలి చిన్న, పెద్ద బయోగ్యాస్ ప్లాంట్లకు రూ. 1,000 కోట్లతో ఆర్థిక సహాయ పథకం ప్రారంభించింది. అదే సందర్భంలో 15 రాష్ట్రాలలోని 26 పాల యూనియన్లతో ఒప్పందాలు కుదిరాయి.

2025 జూలైలో ఇంధన పొదుపు సంస్థ ద్వారా ‘అదితి’ అనే పథకం వచ్చింది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న పరిశ్రమలు ఇంధనం ఆదా చేసే యంత్రాలకు తీసుకొనే అప్పుపై సూక్ష్మ, చిన్న సంస్థలకు 5 శాతం, మధ్య తరహా సంస్థలకు 3 శాతం వడ్డీ రాయితీ దాని ఉద్దేశం. చిల్లింగ్ సెంటర్లు, డెయిరీ ప్లాంట్లు తమకు అర్హత ఉన్నదేమో విచారించవచ్చును.

పథకాల గడువులు, రేట్లు ఏటా మారుతుంటాయి. దరఖాస్తు పెట్టే రోజున అమలులో ఉన్న నిబంధనను బ్యాంకు నుండి గానీ, యూనియన్ నుండి గానీ వ్రాతపూర్వకంగా తీసుకోవాలి.

అప్పు లేకుండా మరొక దారి కూడా ఉన్నది. కొన్ని సంస్థలు తమ సొమ్ముతో పరికరాలు పెట్టి, మిగిలిన కరెంటు ఖర్చులో వాటా తీసుకొంటాయి. ఇందులో తగాదా అంతా ‘మునుపు ఎంత ఖర్చయ్యేది’ అన్న దగ్గర వస్తుంది. అందుకే మీటరు పుస్తకం ముందే ఉండాలి. పొదుపును నెల బిల్లు చూసి కాక, వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు అన్న అంకె చూసి కట్టాలి. లేకపోతే వేసవిలో పాలు తగ్గి బిల్లు తగ్గినా అది వారి ఘనతే ఔతుంది.

మరికొందరు తక్కువ ధరకు గోబర్ గ్యాసు ప్లాంటు ఇచ్చి, బదులుగా కార్బన్ క్రెడిట్ హక్కు వ్రాయించుకొంటారు. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుకు సమానమైన ఉద్గారం తగ్గితే ఒక క్రెడిట్. ఇది అమ్మదగిన వస్తువు. ఇవ్వడంలో తప్పు లేదు గానీ, ఎన్నేళ్ళకు ఇస్తున్నాము, ఆ కాలమంతా మరమ్మతు ఎవరు చేస్తారు, మధ్యలో గేదెను అమ్ముకొంటే సభ్యునిపై ఏమైనా భారం పడుతుందా అన్నవి చదివి వినిపించాకే వేలిముద్ర గానీ, సంతకం గానీ చేయాలి.

పాలకవర్గం చేయవలసినవి

1. వచ్చే సమావేశం నాటికి మూడు నెలల మీటరు, డీజిలు, పాల లెక్క సిద్ధం చేయించాలి.

2. ఖర్చు లేని పనులు ముందు చేయించి, ఫలితాన్ని నోటీసు బోర్డు మీద వ్రాయించాలి.

3. ఏ పరికరానికైనా కనీసం ముగ్గురి నుండి ధరలు తెప్పించాలి. పొదుపు ఎంతో వ్రాసి ఇవ్వనివారి ధరను పరిశీలించనక్కర లేదు.

4. నెల పొదుపు, నెల వాయిదా పక్కపక్కన వ్రాసి సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి. పొదుపు తక్కువగా ఉంటే ఆ అప్పు తీర్మానం పెట్టరాదు.

5. సభ్యుని సొంత ప్లాంటు అప్పు వాయిదాను పాల బిల్లులో మినహాయించాలంటే వ్రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. దాణా, పశువు అప్పు, ప్లాంటు వాయిదా అన్నీ కలిపి బిల్లులో నాలుగవ వంతు దాటకుండా చూడాలి. అది దాటితే సభ్యుడు పాలను బయట అమ్ముకొనే స్థితి వస్తుంది. అప్పుడు సంఘానికి పాలూ రావు, వాయిదా కూడా రాదు.

6. ప్రతి ప్లాంటుపై నెలకు కొంత సొమ్ము మరమ్మతు నిధిగా సంఘంలో జమ చేయించాలి. ఊరిలో ఒక యువకునికి ప్లాంటు మరమ్మతు నేర్పించాలి.

పై ఉదాహరణలోని సంఘం లీటరుకు 6 పైసలు మిగుల్చుకొంటున్నది. అందులో 5 పైసలు నాలుగేళ్ళపాటు వాయిదాకు పోతాయి. అప్పు తీరిన తరువాత ఆ ఆరు పైసలూ సభ్యులవే. ఆరు పైసలంటే చిన్న మొత్తమని అనిపించవచ్చు. రోజుకు 2,000 లీటర్ల సంఘానికి అది ఏడాదికి రూ. 43,800/-. ఆ సొమ్మును బోనసుగా పంచుకొంటారో, పశువైద్యానికి వాడుకొంటారో సభ్యులే నిర్ణయించుకొంటారు. ఈ లెక్కను తమ సంఘం అంకెలతో తిరిగి వేసుకొని, పాలకవర్గ తీర్మానంతో యూనియన్ ఇంజనీరుకు చూపించవలసినదిగా సంఘాల అధ్యక్షులను, కార్యదర్శులను కోరుచున్నాము.